తారుబాటకు ఖనిజనార - పరీక్షించి గ్రహింపవలెను

(నారాయణరావుపేటలో గ్రామస్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో ముచ్చటించుటకు నేను ఎన్నుకొనిన విషయము తారుబాట. ఊరికి బాట యెంత ముఖ్యమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ధాన్యము కొనుగోలు కేంద్రమునకు చేరవలెనన్నను, పాలు విరిగిపోకముందే సిద్దిపేటకు పోవలెనన్నను, నొప్పులు పడు తల్లిని రాత్రివేళ ఆసుపత్రికి చేర్పవలెనన్నను బాటయే ఆధారము. వేసిన బాట రెండు వానకాలములకే గుంతలు పడినచో నష్టపోవునది ప్రజల సొమ్ము మాత్రమే కాదు, ప్రజల కాలము, కొన్ని వేళల ప్రాణము కూడ.

ఇటీవల ఒక మాట వినబడుచున్నది. తారుమిశ్రమములో రాతినుండి తీసిన సన్నని నారను కలిపినచో బాట గాడులు పడదనియు, పగుళ్ళు బారదనియు చెప్పుచున్నారు. ఈ మాటలో నిజమున్నది. అయితే అది మన రాతికి, మన ఎండకు, మన వానకు ఎంతవరకు వర్తించునో పరీక్ష చేసి తేల్చుకొనవలెను. క్రొత్త విత్తనము మంచిదని విన్నంతనే మొలకశాతము చూడకుండ మడియంతయు చల్లము గదా! బాట విషయమునను అదే న్యాయము.

తారుబాట నిర్మాణము

మనము తారు అని పిలుచునది నేడు బొగ్గునుండి తీసిన తారు కాదు. ముడిచమురును శుద్ధి చేయగా చివరకు మిగులు బిటుమెన్ అను నల్లని జిగట పదార్థము. తారుమిశ్రమములో దీని పాలు చాల తక్కువ. నూరు కిలోల మిశ్రమములో సుమారు 5 కిలోలు మాత్రమే తారు. మిగిలినదంతయు కంకర, చిప్సు, రాతిపొడి. బరువును మోయునది రాయి. రాయిని రాయికి అంటి పట్టియుంచునది తారు.

మిశ్రమమును రోలరుతో ఎంత గట్టిగా త్రొక్కినను లోపల కొంత గాలిచోటు మిగులును. అది మిగులుటయే మంచిది. ప్రయోగశాలలో చేసిన నమూనాలో నూటికి 3 మొదలు 5 పాళ్ళవరకు గాలి ఉండవలెనని కేంద్ర రహదారి శాఖ నియమము. గాలిచోటు అంతకన్న తగ్గినచో, ఎండకు వ్యాకోచించిన తారు చోటు చాలక పైకి పొంగి నల్లగా మెరయును, బండ్లు జారును. అంతకన్న పెరిగినచో వాననీరు లోనికి దిగును.

బాట చెడుటకు మూడు కారణములు

మొదటిది ఎండ. వేసవి మధ్యాహ్నమున తారుబాట పైభాగము 60 డిగ్రీలు దాటవచ్చును. అప్పుడు తారు మెత్తబడును. ధాన్యము నింపిన లారీలు మెల్లగా కదలుచు, ఆగుచు పోవుచోట చక్రముల క్రింద గాడులు పడును.

రెండవది పగులు. బరువు పడినప్పుడెల్ల బాట రవంత వంగి మరల లేచును. లక్షల పర్యాయములు ఇట్లు వంగిన పొర అలసి పగులును. ఏండ్లు గడచినకొలది తారు గాలికి, ఎండకు ముదిరి పెళుసెక్కును గనుక పగులుట మరింత సులభమగును.

మూడవది నీరు. మన ప్రాంతమున ఇది యన్నిటికంటె ముఖ్యము. సిద్దిపేట పరిసరములలో లభించు రాయి అధికముగా గ్రానైటు జాతికి చెందినది. గ్రానైటు బరువును చక్కగా మోయును. కాని దానిలో సిలికా యెక్కువ. అట్టి రాయికి తారుతోడి బంధముకంటె నీటితోడి బంధమే ప్రియము. నీరు సందు చేసికొని రాతికిని తారుకును నడుమ దూరెనా, తారుపొర ఊడిపోవును. ఊడిన రాళ్ళు ఒక్కొక్కటిగా లేచిపోయి గుంత యేర్పడును.

2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ వద్ద రంగనాయకసాగరములోనికి గోదావరి జలములు వచ్చినవి. ఇది మన భాగ్యము. కాని నీరు వచ్చినచోట వరి వచ్చును. వరి వచ్చినచోట బాట ప్రక్కన తడియు, బాట మీద బరువును కూడ వచ్చును. కావున బాట విషయమున మనము పూర్వముకంటె మెలకువగా నుండవలెను.

ఖనిజనార యనగా నేమి?

గోడకు మట్టి త్రొక్కునప్పుడు మన పెద్దలు అందులో గడ్డి తునకలు కలిపెడివారు. మట్టి యెండి ముడుచుకొనునప్పుడు నెఱ్ఱెలు బారకుండ ఆ గడ్డిపోచలు ఈ ప్రక్కను ఆ ప్రక్కను పట్టియుంచును. తారులో నార కలుపుటయందలి మూలసూత్రము ఇదియే. అయితే తారును సుమారు 150 డిగ్రీల వేడిలో కలుపుదురు. కావున వేడికి చెడని నార కావలెను. బసాల్టు వంటి నల్లరాతిని కొలిమిలో కరగించి, జాతరలో పీచుమిఠాయి తీసినట్లు వేగముగా త్రిప్పి విసరినచో వెండ్రుకకంటె సన్నని పోగులు వచ్చును. ఇదియే ఖనిజనార. బసాల్టు రాయి మనకు క్రొత్తది కాదు. వికారాబాదు, జహీరాబాదు ప్రాంతముల నల్లరేగడి క్రింద నున్నది ఆ రాయియే.

ఇచ్చట ఒక హెచ్చరిక. తెలుగున రాతినార యని చిరకాలముగా పిలుచునది ఆస్‌బెస్టాస్. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున దానిని గనులనుండి తీసెడివారు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి సంవత్సరముల పిమ్మట క్యాన్సరు కలిగించునని నిస్సందేహముగా తేలినది. పూర్వము కొన్ని దేశములలో తారుమిశ్రమమున ఈ నారను కలిపిరి. అపాయము తెలిసిన పిమ్మట మానివేసిరి. నేను చెప్పుచున్న ఖనిజనార అది కాదు. అయినను సంచిమీద ఏమి వ్రాసియున్నదో చూడక ఏ నారను ఎవరును పనిలోనికి దింపరాదు. ఆస్‌బెస్టాస్ కానిదైనను నారధూళి చర్మమునకు దురద, గొంతునకు మంట కలిగించును. సంచులు విప్పు కూలీలకు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ఉండవలెను.

బాటకు నార వాడుక జర్మనీలో 1960లలో వ్యాపించినది. అచ్చట శీతకాలమున మంచుపై జారకుండ ఇనుప మేకులుగల టైర్లు వాడెడివారు. అవి బాటలను అరగదీయుచుండగా, జిచ్నర్ అను ఇంజనీరు పెద్దకంకర యెక్కువగా, దానిని పట్టు తారుముద్ద దట్టముగా నుండు ఒక మిశ్రమమును రూపొందించెను. దానినే స్టోన్ మాట్రిక్స్ ఆస్ఫాల్టు అందురు. అంత తారు వేడిగా నున్నప్పుడు రాళ్ళమీదనుండి కారిపోకుండ నార కావలసివచ్చినది. మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2008లో ఈ మిశ్రమమునకు తాత్కాలిక నియమములను ప్రకటించెను.

కావున నార చేయు పనులు మూడు. వేడి తారు కారిపోకుండ పట్టియుంచును. ఎండలో తారుముద్దకు బిగువునిచ్చును. పగులు పుట్టినచోట రెండు ప్రక్కలను కొంతకాలము కలిపి యుంచును.

పరీక్ష చేయు విధానము

పరీక్షకు ప్రాణమువంటి నియమ మొక్కటే: ఒక్కదానిని మాత్రము మార్చి, మిగిలినవన్నియు మార్చక యుంచవలెను. ఒక మడికి క్రొత్త యెరువును, క్రొత్త విత్తనమును ఒకేసారి వేసినచో పంట పెరిగినది దేనివలననో చెప్పజాలము. అటులనే బాట వేయబోవు క్వారీ కంకరనే, వాడబోవు తారునే తీసికొని, నార పాలును మాత్రము మార్చవలెను. నార లేనిది ఒకటి, నూటికి 0.2, 0.3, 0.4, 0.5 పాళ్ళు కలిపినవి నాలుగు. వెరసి అయిదు రకములు. నార తారును పీల్చుకొనును గనుక, ఒక్కొక్క రకమునకు తారు పాలును కూడ అయిదు మెట్లుగా మార్చి, ఏది తగినదో కనుగొనవలెను. ఒక్కొక్కదానికి మూడేసి నమూనాలు. అన్నియు కలిసి 75 నమూనాలగును. నమూనాకు సుమారు 1,200 గ్రాముల రాయి చొప్పున 90 కిలోల కంకర చాలును. ఒక బాట ఆయుష్షును తెలిసికొనుటకు ఇది పెద్ద ఖర్చు కాదు.

ఈ నమూనాలపై చేయు పరీక్షలలో ప్రసిద్ధమైనది మార్షల్ పరీక్ష. అమెరికాలో మిసిసిపి రాష్ట్ర రహదారి శాఖలోని బ్రూస్ మార్షల్ 1939 ప్రాంతమున దీనిని కనిపెట్టెను. వేడి మిశ్రమమును 4 అంగుళముల వ్యాసముగల ఇనుప అచ్చులో పోసి, నాలుగున్నర కిలోల సుత్తిని సరిగా మూరెడెత్తునుండి జారవిడచుచు, రెండు ప్రక్కల 75 దెబ్బల చొప్పున కొట్టుదురు. రెండున్నర అంగుళముల యెత్తుగల బిళ్ళ తయారగును. దానిని 60 డిగ్రీల వేడినీటిలో అరగంట యుంచి, వెంటనే యంత్రమున నొక్కుదురు. 60 డిగ్రీలు ఎందుకనగా, మన వేసవిలో బాట అంత కాలును గనుక. ఎంత బరువు మోసి విరిగినదో అది స్థిరత్వము. విరుగులోపల ఎంత వంగినదో అది ప్రవాహము. వి.జి. 30 రకపు తారుతో చేసిన మిశ్రమము కనీసము 9 కిలోన్యూటనులు, అనగా సుమారు 900 కిలోల బరువు మోయవలెను. 2 మొదలు 4 మిల్లీమీటరులలోపల వంగవలెను. 2 మిల్లీమీటరులైనను వంగనిది పెళుసు. 4 దాటినది మెత్తన.

రెండవది నీటి పరీక్ష. ఒకే విధమైన బిళ్ళలను రెండు జట్లుగా చేయుదురు. ఒక జట్టును పొడిగా నుంచుదురు. రెండవ జట్టును నీటితో తడిపి, గడ్డకట్టించి, పిదప 60 డిగ్రీల నీటిలో ఒక దినముంచుదురు. తరువాత రెండు జట్లను 25 డిగ్రీలకు తెచ్చి, ప్రక్కలనుండి నొక్కి చీల్చుదురు. ఉదాహరణకు పొడి బిళ్ళకు 100 పాళ్ళ బలమున్నదనుకొందము. తడి బిళ్ళకు 80 పాళ్ళయినను మిగులవలెను. అంతకు తగ్గినచో ఆ మిశ్రమము వానకు తాళదని తెలిసికొనవలెను.

మూడవది కారుడు పరీక్ష. వేడి మిశ్రమమును తీగబుట్టలో పోసి పొయ్యిలో ఒక గంట యుంచుదురు. క్రింది పళ్ళెములోనికి కారిన తారు మిశ్రమపు బరువులో నూటికి 0.3 పాళ్ళు మించరాదు.

నాలుగవది చక్ర పరీక్ష. మిశ్రమముతో పలక పోసి, దానిపై బరువైన చిన్నచక్రమును ముందునకు వెనుకకు వేలకొలది పర్యాయములు నడపి, గాడి లోతును కొలుతురు. హాంబర్గు నగరము పేర వాడుకలోనికి వచ్చిన పద్ధతిలో పలకను వేడినీటిలో మునుగనిచ్చి 20,000 పర్యాయములవరకు నడుపుదురు. ఎండ, నీరు, బరువు మూడును ఒకేసారి పనిచేయు పరీక్ష యిది.

ఫలితములను చదువుట

ఇటువంటి పరీక్షలలో సాధారణముగా కనబడు పోకడను చెప్పెదను. నార కలిపినకొలది తారు అవసరము కొంచెము పెరుగును. కారుడు బాగుగా తగ్గును. చక్రపు గాడి తగ్గును. స్థిరత్వము కొంతవరకు పెరిగి, ఒక పాలు దాటిన పిమ్మట తగ్గనారంభించును. ఎందుకనగా, ఎక్కువైన నార ఉండలు కట్టును. ఉండలున్నచోట తారు చేరదు, గాలిచోటు పెరుగును, రాయి రాయిని ఒరయదు. గడ్డి మితిమీరిన మట్టిగోడ గుల్లబారినట్లే యగును. కావున ఎక్కువ నార వేసితిమని గర్వించుట తెలివి కాదు. ఏ పాలున గాలిచోటు, స్థిరత్వము, తడిబలము మూడును హద్దులలో నున్నవో ఆ పాలే సరియైనది.

ఒక్క మార్షల్ సంఖ్యను చూపి ఇది మంచి బాటయని ఎవరైనను చెప్పినచో తొందరపడి నమ్మకుడు. ఆ పరీక్ష బిళ్ళను ఒక్కసారి నొక్కి విరుచును. బాటమీద చక్రము లక్షల పర్యాయములు నడచును. నారవలన కలుగు మేలు చక్ర పరీక్షలోను, చీలుడు పరీక్షలోను తేటగా తెలియును. మార్షల్ సంఖ్యలో అది కొన్ని వేళల కనబడనే కనబడదు.

గ్రానైటు కంకర విషయమున మరియొక సంగతి. రాతినుండి తారు ఊడుట రసాయన బంధమునకు చెందిన లోపము. నార దానికి నేరుగా మందు కాదు. మొత్తము రాతి బరువులో నూటికి 2 పాళ్ళు తడిపి పొడిచేసిన సున్నము కలిపినచో తారు రాతిని గట్టిగా పట్టును. కేంద్ర రహదారి శాఖ నియమములందు ఈ చికిత్సకు స్థానమున్నది. కావున మనవంటి ప్రాంతమున పరీక్షకు పెట్టునప్పుడు నార లేని మిశ్రమము, నార కలిపినది, సున్నము కలిపినది, రెండును కలిపినది అని నాలుగు రకములు చేయించుట యుక్తము. చౌకయైన సున్నముతోడనే తడిబలము 80 దాటినచో నీటి కొరకు నార కొనవలసిన పనిలేదు. గాడుల బాధ కూడ నున్నచోట నార విషయము ఆలోచింపవచ్చును.

లెక్క చూచికొందము

ఒక కిలోమీటరు పొడవు, 3.75 మీటరుల వెడల్పుగల బాటపై 40 మిల్లీమీటరుల మందమున తారుమిశ్రమము పరచినచో 150 ఘనమీటరులు, అనగా సుమారు 350 టన్నులు పట్టును. నూటికి 0.3 పాళ్ళ చొప్పున నార ఇంచుమించు ఒక టన్ను కావలెను. నార పీల్చుకొను తారు నూటికి 0.2 పాళ్ళు అధికమనుకొన్నచో 700 కిలోల తారు అదనము. ఈ సొమ్మును అదే కిలోమీటరు పొడవున ప్రక్క కాలువలు త్రవ్వుటకగు సొమ్ముతో సరిపోల్చుడు. కాలువలేని బాటకు నార వేయుట, చిల్లుకుండకు వెండిమూత చేయించుటయే.

మరియొకటి. గ్రామముల బాటలలో పలుచోట్ల పైపొర 20 మిల్లీమీటరుల ప్రీమిక్స్ కార్పెటు, దానిపై సీలుకోటు మాత్రమే. ఆ పలుచని పొర బరువును మోయునది కాదు. క్రింది మెటలు పొరయే మోయును. నారవలని లాభము ముఖ్యముగా మందమైన పొరలకు, లారీల రద్దీగల పెద్దబాటలకు. హైదరాబాదునుండి సిద్దిపేటమీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారివంటి బాటకు వర్తించు న్యాయము ఊరి లింకురోడ్డునకు వర్తింపదు. పెద్దబాటకు మంచిదైనది చిన్నబాటకును మంచిదే యనుకొనుట పొరపాటు.

ప్రయోగశాలలో ఉత్తమముగా తేలిన మిశ్రమమైనను పనిచోట చెడవచ్చును. నారను వేడి కంకరలో ముందుగా పొడిగా కలిపి విడదీసి, పిదప తారు పోయవలెను. లేనిచో ఉండలు తప్పవు. వి.జి. 30 తారుమిశ్రమము పరచునప్పుడు 140 డిగ్రీలకు తగ్గరాదు. 90 డిగ్రీలకు చల్లబడకముందే రోలరు పని ముగియవలెను. నార కలిసిన మిశ్రమము బిగువైనది గనుక చల్లారిన పిమ్మట త్రొక్కుట మరింత కష్టము. త్రొక్కుడు చాలని బాటను ఏ నారయు రక్షింపజాలదు.

మనము చేయదగిన పనులు

పరీక్షలు ఇంజనీర్ల పని. అడుగుట మన హక్కు. ఢిల్లీలో కేంద్ర రోడ్డు పరిశోధనాలయము 1952నుండి ఈ విషయములనే శోధించుచున్నది. మనకు దగ్గరగా వరంగల్లున 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయైన విద్యాలయమున్నది. పరీక్షకు చోటు లేదనుటకు వీలులేదు.

మన ఊరికి బాట వచ్చునప్పుడు పంచాయతీవారు ఈ నాలుగు ప్రశ్నలు అడుగవలెను. పరీక్షించిన కంకర, పనిచోటికి వచ్చిన కంకర ఒకే క్వారీవా? తడిబలము నూటికెంత? మిశ్రమము పనిచోటికి చేరునప్పటికి వేడి యెంత? త్రొక్కిన పిమ్మట బాటనుండి కోసి తీసిన కోరులో సాంద్రత యెంత? ఈ నాలుగింటికి సమాధానము కాగితముపై నున్నచో ఆ పనిపై నమ్మకముంచవచ్చును. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బాటలకు, నిర్మాణానంతరము అయిదు సంవత్సరముల నిర్వహణ బాధ్యత కాంట్రాక్టరుదే. బాట మొదట నిలిపిన పలకను చదివి తేదీని గుర్తుంచుకొనుడు.

ఇక మన వంతు. పొలము దున్ను కేజ్ వీల్స్‌తో ట్రాక్టరును తారుబాట యెక్కింపకుడు. ఆ యినుప పట్టీలు ఒక్క ప్రయాణములోనే పైపొరను కోయును, ఆ కోతలోనికి నీరు దిగును. మడి నీటిని బాటమీదికి వదలకుడు. పైపు వేయుటకు బాటను అడ్డముగా కోయవలసివచ్చినచో అనుమతి పొంది, మరల పొరపొరగా త్రొక్కించి పూడ్పింపుడు. ప్రక్క కాలువలో చెత్త వేయకుడు. వానలకు ముందు ఊరంతయు కలిసి పూడిక తీయుడు. చిన్న గుంతను కనిపించిననాడే తెలియజేయుడు. చేటెడు కంకరతో తీరునది, వాన గడచినచో బండెడు కంకరకును తీరదు.

సోదరులారా! క్రొత్త వస్తువును క్రొత్తదని త్రోసిపుచ్చుటయు తగదు, క్రొత్తదని కన్నులు మూసికొని పుచ్చుకొనుటయు తగదు. ఖనిజనార మంచి పనిముట్టు. దానిని తగినచోట, తగినపాలున, మన కంకరతో పరీక్షించి వాడినచో మేలు చేయును. కాలువ, త్రొక్కుడు, సున్నము, వేడి అను నాలుగింటిని మరచి దానినే నమ్ముకొన్నచో ప్రజల సొమ్ము మొదటి వానకే పోవును. ముందు నీటికి దారి చూపుడు, పిదప పరీక్షకు పట్టుబట్టుడు, ఆ పిమ్మట నార మాట యెత్తుడు. ఈ వరుస తప్పనిచో మీ పిల్లలు బడికి పోవు బాట పదికాలములు నిలుచును.